పింఛనుతో ఆగిపోవద్దు: మన పిల్లలకి ఆట, షికారు కూడా హక్కే

పెందుర్తిలో మా ఖాలా వాళ్లింట్లో ఈమధ్య వలీమా జరిగింది. మేడ మీద షామియానా, కింద బిర్యానీ డేగులు, వాకిలి నిండా పిల్లల గోల. ఆ గోలలో ఒక్కడు మాత్రం లేడు. ఖాలా రెండో కొడుకు. పందొమ్మిదేళ్లవాడు, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. వాణ్ని వెనక గదిలో కూర్చోబెట్టి, చేతికి ఫోనిచ్చి, బయట గడియ పెట్టారు. "జనం ఎక్కువైతే గాభరా పడతాడు బేటా. పైగా కొత్త చుట్టాల ముందు..." అని ఖాలా మాట సగంలో ఆపేసింది. ఆ మిగతా సగం మనందరికీ తెలిసిందే.

ఖాలా చెడ్డ తల్లి కాదు. వాడి కోసం పదేళ్లు ఆటోలో స్పెషల్ స్కూలుకి తిరిగింది. పింఛను కూడా సాధించింది. పద్దెనిమిది నిండగానే వయసు దాటిపోయిందని స్కూలువాళ్లు చెప్పేశారు. ఆ రోజు నుంచి వాడు వీధి చివర దాకా కూడా వెళ్లలేదు. ఒళ్లు పెరిగింది, కోపం పెరిగింది, నిద్ర తగ్గింది. "పింఛను వస్తోంది కదా, ఇంకేం కావాలి అంటారు అందరూ. వాడికి కావాల్సింది నలుగురు మనుషులు" అంది ఖాలా.

ఇలాంటి ఇళ్లు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. సర్టిఫికెట్, పింఛను, బడి గురించి మనకి ఎంతో కొంత తెలుసు. ఆ తర్వాత ఆటలు, షికారు, స్నేహాలు, పగటిపూట గడిపే చోటు గురించి ఎవరూ చెప్పరు. పెందుర్తిలో ఉండే కుటుంబం వీటిని అందుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవర్ని అడగాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ముందుగా ఒక మాట: ఇది పిచ్చి కాదు

మేధో వైకల్యం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ అన్నవి ఎదుగుదలకి సంబంధించినవి. పుట్టుకతోనో చిన్నతనంలోనో మొదలవుతాయి. మానసిక జబ్బు వేరు, ఇది వేరు. మన ఇళ్లలో రెండింటినీ కలిపేసి ఒకే మాట అనేస్తాం. ఎవరి నజరో తగిలిందని దర్గాల చుట్టూ, తావీజుల చుట్టూ తిరిగి విలువైన మొదటి ఐదేళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. దువా చేయండి, ఎవరూ వద్దనరు. దాంతోపాటు డాక్టరుకి కూడా చూపించండి.

2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారు. వారిలో మేధో వైకల్యం ఉన్నవారు సుమారు 15 లక్షలు. లెక్కలు రాయడానికి వచ్చిన మనిషికి మనం దాచిపెట్టిన పిల్లలు ఇందులో లేరు.

చట్టంలో ఏముంది?

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు ఏడు రకాల వైకల్యాలనే గుర్తించేవారు. ఈ చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఆ జాబితాలో ఉన్నాయి.

చదువు, ఉద్యోగాల సెక్షన్ల గురించి అందరూ మాట్లాడతారు. మన విషయానికి కావాల్సినవి 29, 30 సెక్షన్లు. సాంస్కృతిక జీవితంలో, వినోదంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కు వికలాంగులకి ఉందని, దానికి ప్రభుత్వం, స్థానిక సంస్థలు ఏర్పాట్లు చేయాలని 29వ సెక్షన్ చెబుతుంది. 30వ సెక్షన్ ఆటల గురించి. మైదానాలు, శిక్షణ, పోటీలు వాళ్లకి అందుబాటులో ఉండాలి, దానికి నిధులు కేటాయించాలి. పెందుర్తి జీవీఎంసీ పరిధిలోనే ఉంది కాబట్టి ఇక్కడ స్థానిక సంస్థ అంటే జీవీఎంసీయే.

అంటే, పార్కులో మీ అబ్బాయి ఉయ్యాల ఊగడం ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు. ఈ సంగతి తెలిస్తే మనం అడిగే గొంతు మారుతుంది.

మొదటి తాళంచెవి సర్టిఫికెట్

ఏ తలుపు తట్టినా ముందు అడిగేది ఇదే. మన రాష్ట్రంలో దీన్ని సదరం సర్టిఫికెట్ అంటారు. వార్డు సచివాలయంలో గాని మీసేవలో గాని స్లాట్ బుక్ చేసుకుంటే, ఫలానా రోజు ఫలానా ఆస్పత్రికి రమ్మని చెబుతారు. ఆధార్, ఫొటోలు, పాత వైద్య కాగితాలు తీసుకెళ్లాలి. 40 శాతం, ఆ పైన ఉంటే చాలా పథకాలకి అర్హత వస్తుంది. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు కూడా తీసుకోండి. కొత్త నిబంధనల ప్రకారం 40 శాతం లోపు ఉంటే తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు ఉంటే పసుపు, 80 దాటితే నీలం.

శిబిరంలో చాలామంది తల్లిదండ్రులు ఒక పొరపాటు చేస్తారు. డాక్టరు అడిగితే సిగ్గుతో "అన్నీ తనే చేసుకుంటాడు సార్" అనేస్తారు. అక్కడ పరువు చూసుకోవద్దు, గొప్పలు చెప్పొద్దు. స్నానం తనే చేస్తాడా, గుండీలు పెట్టుకోగలడా, డబ్బు లెక్క తెలుసా, ఒంటరిగా రోడ్డు దాటగలడా అన్నవి ఇంట్లో జరిగేది జరిగినట్టే చెప్పండి. ముందు రోజే ఒక కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. పిల్లవాడికి కడుపు నిండా పెట్టి తీసుకెళ్లండి, ఇష్టమైన బొమ్మ ఒకటి సంచిలో వేసుకోండి. క్యూలో చాలాసేపు కూర్చోవాల్సి రావచ్చు.

వయసును బట్టి ఎక్కడికి వెళ్లాలి?

*పసిపిల్లలు:* మాట ఆలస్యమైనా, పిలిస్తే పలకకపోయినా, మెడ నిలపకపోయినా ఆగొద్దు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. అంగన్‌వాడీ టీచరుని గాని ఆశా కార్యకర్తని గాని అడిగితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాసిపంపే దారి చెబుతారు.

*బడి వయసు:* సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపీ కూడా చేస్తారు. బడికి రాలేని పిల్లలకి ఇంటి దగ్గరే చెప్పే ఏర్పాటు ఉంది. పెందుర్తివాళ్లు మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో అడగాలి. అక్కడ చదువు గురించి మాత్రమే అడిగి వచ్చేయకండి. ఆటల పోటీలు, విహారయాత్రలు, డిసెంబరు 3న వచ్చే అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవ కార్యక్రమాలు ఉంటే మా పేరు కూడా రాయండని చెప్పి రండి.

నగరంలో స్వచ్ఛంద సంస్థలు కూడా ఉన్నాయి. ఉక్కునగరంలో అరుణోదయ స్పెషల్ స్కూలు ఉంది. లెబెన్‌షిల్ఫే పేరుతో ఒక సంస్థ విశాఖలో పనిచేస్తోంది. ఈ పేరు జర్మనీది. అక్కడ 1958లో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు, నిపుణులు కలిసి పెట్టుకున్న సంఘం పేరు అది. అక్కడ కూడా కదిలింది ఇంట్లోవాళ్లే అన్నమాట.

*పద్దెనిమిది దాటాక:* మా ఖాలా ఆగిపోయింది ఇక్కడే, చాలామంది ఆగిపోయేదీ ఇక్కడే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద పగటిపూట గడిపే కేంద్రాలకి, కొన్నాళ్లు గాని ఎప్పటికీ గాని ఉండే వసతి కేంద్రాలకి పథకాలున్నాయి. వీటిని నడిపేది ట్రస్టు దగ్గర నమోదైన సంస్థలు. మన జిల్లాలో అలాంటి సంస్థలు ఏవో, ఖాళీలు ఎక్కడున్నాయో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల ఆఫీసులో అడగండి. అదెక్కడో మహారాణిపేటలోని కలెక్టరేట్‌లో చెబుతారు. జాబితా చేతికొచ్చాక ఫోన్లో మాట్లాడి సరిపెట్టుకోకుండా స్వయంగా వెళ్లి చూడండి. అక్కడున్నవాళ్లు రోజంతా ఏం చేస్తున్నారు, ఎండలోకి, గాలిలోకి వస్తున్నారా, మరుగుదొడ్డి ఎలా ఉంది, మిమ్మల్ని చూసి నవ్వుతున్నారా బెదురుతున్నారా గమనించండి.

ఇదే ట్రస్టు కింద నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో కలుస్తుంది. చేరడానికి ముందు వైద్య పరీక్షలు అడగరు. ఇంకొక సంగతి. పిల్లవాడికి పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో వాడు పెద్దవాడే. అవసరమైతే వాడి తరఫున సంతకం పెట్టడానికి చట్టబద్ధమైన సంరక్షకుడిగా నియమించమని కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. మనం ఉండగానే, వాడికి అన్నో చెల్లెలో తోడుండేలా ఈ కాగితాలు సర్దుకోవడం మంచిది.

ఆటలు: గెలవడం కోసమే కాదు

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పేరు వినే ఉంటారు. కూలి చేసుకునే తల్లిదండ్రులు. మేధో వైకల్యం ఉందని ఊళ్లో వెక్కిరించారు, అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారని ఆ తల్లిదండ్రులే చెప్పారు. వాళ్లు వదల్లేదు. బడిలో పరుగు చూసి వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తించాడు, తర్వాత కోచ్ నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ దొరికింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది.

అందరు పిల్లలూ దీప్తి కారు. కానక్కర్లేదు కూడా. ఆ మాటకొస్తే మామూలు పిల్లలందరూ సింధులు కారు కదా. పతకం ఆశ లేకుండా ఆడుకోవడానికి కూడా దారి ఉంది. దాని పేరు స్పెషల్ ఒలింపిక్స్. ఇది పారాలింపిక్స్ కాదు, వేరే. 1968లో అమెరికాలోని షికాగోలో మొదలైంది, పూర్తిగా మేధో వైకల్యం ఉన్నవారి కోసమే. మన దేశంలో స్పెషల్ ఒలింపిక్స్ భారత్ నడుపుతోంది. ఎనిమిదేళ్లు నిండితే పోటీల్లో చేరొచ్చు. అంతకంటే చిన్నవాళ్లకి ఆటల కార్యక్రమం విడిగా ఉంది. సామర్థ్యం దాదాపు సమానంగా ఉన్నవాళ్లని ఒక గుంపుగా చేసి పోటీ పెడతారు. కాబట్టి నెమ్మదిగా నడిచేవాడికి కూడా తనలాంటివాళ్లతో పోటీ పడే అవకాశం ఉంటుంది. యూనిఫైడ్ క్రీడల్లోనైతే వైకల్యం లేని అన్నదమ్ములు, స్నేహితులు కూడా అదే జట్టులో ఆడతారు. 2023లో బెర్లిన్ ప్రపంచ క్రీడల్లో మన దేశపు జట్టు 202 పతకాలు తెచ్చింది. చేరాలంటే మీ స్పెషల్ స్కూలునో, భవిత కేంద్రం టీచరునో అడగడమే మొదటి మెట్టు.

మైదానంలోకి దింపే ముందు డాక్టరుని మూడు విషయాలు అడగండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. గుండె పరీక్ష అయిందా? కొందరిలో మెడ దగ్గరి ఎముకల కీలు వదులుగా ఉంటుంది. పల్టీలు, తలకిందుల దూకుళ్లు చేయించొచ్చా? మూర్ఛ వచ్చే పిల్లలైతే ఈత నేర్పించొచ్చా? డాక్టరు సరే అన్నా, నీళ్లలో ఉన్నంతసేపు వాడి ఒక్కడి మీదే కన్నుంచే పెద్దమనిషి ఒకరు పక్కన ఉండాలి.

పెందుర్తి నుంచి షికారు

మనకి రెండు పెద్ద బస్సు దారులున్నాయి. ఒకటి గోపాలపట్నం, ఎన్ఏడీ మీదుగా ఆర్టీసీ కాంప్లెక్స్‌కి. అక్కడి నుంచి ఆర్కే బీచ్ దగ్గరే. ఇంకొకటి సింహాచలం మీదుగా హనుమంతవాకకి. అక్కడి నుంచి కైలాసగిరికి, జూకి వెళ్లొచ్చు.

బీచ్ రోడ్డులో స్మార్ట్ సిటీ నిధులతో కట్టిన ఆల్ ఎబిలిటీస్ పార్క్ ఉంది. వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు కలిసి ఆడుకోవడానికే దాన్ని తయారుచేశారు. మొదటి షికారుకి అది మంచి చోటు. ఇసుకలో ఆడనివ్వండి గాని ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దింపకండి. అక్కడ లోపలి గుంజుడు ఎక్కువ. నీళ్లు చూస్తే పరిగెత్తే అలవాటు ఉన్న పిల్లలైతే చెయ్యి వదలొద్దు. సబ్‌మెరైన్ మ్యూజియం లోపల దారి ఇరుకు, ఒక గది నుంచి ఇంకో గదిలోకి వంగి దూరాలి. ఇరుకంటే భయపడే పిల్లలకి అది వద్దు, బయటి నుంచి చూపించండి. జూ 625 ఎకరాలు, చాలా నడవాలి. సోమవారం సెలవు.

అరకు రైలు పెందుర్తి మీదుగానే పోతుంది. దారిలో యాభైకి పైగా సొరంగాలు. చీకటంటే భయమున్న పిల్లలకి ముందే వీడియో చూపించి, "చీకటొస్తుంది, మళ్లీ వెలుగొస్తుంది" అని రెండు మూడు సార్లు ఆటలా ఆడించి తీసుకెళ్లండి.

ఎక్కడికైనా సరే ఈ నాలుగు జాగ్రత్తలు పాటించండి. ఆదివారం సాయంత్రం కాకుండా వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి. వెళ్లే చోటు ఫొటో ముందు రోజే చూపించండి. జేబులో పేరు, మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. మొదటిసారి అరగంట చాలు, ఏడుపు మొదలవకముందే తిరిగి వచ్చేయండి.

డబ్బు లెక్క

నేను చదివింది బీకాం, కాబట్టి ఈ లెక్క చెప్పకపోతే ఊరుకోలేను.

ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకి 6,000 రూపాయలు. అందులో నెలకి ఒక 500 వాడి షికారుకని విడిగా తీసిపెట్టండి. ఆ డబ్బు వాడి పేరు మీదే వస్తోంది కదా.

రైల్లో ఒంటరిగా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం ఉన్నవారికి సెకండ్ క్లాసు, స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది. తోడు వెళ్లే ఒకరికి కూడా అంతే. అంటే 400 రూపాయల టికెట్ 100కి వస్తుంది. దీనికి రైల్వే నమూనాలో ప్రభుత్వ డాక్టరు సంతకం చేసిన సర్టిఫికెట్ కావాలి. రైల్వే ఇచ్చే దివ్యాంగ కార్డు తీసుకుంటే ఆన్‌లైన్‌లో కూడా బుక్ చేసుకోవచ్చు. దాని గురించి దొండపర్తిలోని డీఆర్ఎం ఆఫీసులో అడగండి. ఆర్టీసీలో కూడా వికలాంగులకి రాయితీ ఉంది, డిపోలో కనుక్కోండి.

ఇంట్లో పన్ను కట్టే ఉద్యోగి ఉంటే ఇంకొకటి. ఆదాయపు పన్ను పాత విధానంలో వైకల్యం 40 శాతం దాటిన కుటుంబ సభ్యుణ్ని పోషిస్తున్నందుకు 75,000 రూపాయల మినహాయింపు ఉంది. 80 శాతం దాటితే 1,25,000. 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి 75,000 మీద సెస్‌తో కలిపి 15,600 రూపాయల పన్ను మిగులుతుంది. కొత్త విధానం ఎంచుకుంటే ఇది రాదు. అందుకే ఏది లాభమో ఆడిటరుతో లెక్క వేయించుకోండి.

అమ్మాయిల సంగతి

అబ్బాయిని కనీసం వీధిలోకైనా వదులుతారు. అమ్మాయిని అది కూడా వదలరు. భయం అర్థమవుతుంది. కానీ ఎవరినీ కలవని అమ్మాయికి ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి మాట కూడా రాదు. ఒంటి మీద ఎవరు ఎక్కడ చెయ్యి వేయకూడదో బొమ్మలతో, మళ్లీ మళ్లీ చెప్పి నేర్పించండి. కేంద్రంలో చేర్చే ముందు ఆడ సిబ్బంది ఎంతమంది, వ్యానులో ఆయా ఉంటుందా, బట్టలు మార్చేది ఎవరు అని మొహమాటం లేకుండా అడగండి. సరైన జవాబు చెప్పలేని చోట చేర్చొద్దు.

మస్జిద్, దావత్: ఇవి మన చేతిలోనివి

వీటికి ఏ ఆఫీసుకీ వెళ్లక్కర్లేదు. వాడి మీద నమాజు విధి ఉందా లేదా అన్నది ఆలింలని అడిగి తెలుసుకోండి. కానీ జుమాకి అబ్బా పక్కన నిలబడటం, పండగ రోజు ఈద్గాలో పదిమందిని ఆలింగనం చేసుకోవడం వాడికి దొరికే పెద్ద సంతోషాలు. నమాజులో అరుస్తాడని భయమైతే కమిటీ పెద్దలతో ముందే మాట్లాడి, సఫ్ చివర తలుపు దగ్గర చోటు అడగండి. అవసరమైతే వెంటనే బయటికి తీసుకురావచ్చు. పక్కవాళ్లు వెనక్కి తిరిగి చూడకుండా ఉంటే అదే పెద్ద సాయం.

దావత్‌కి పిలిచేటప్పుడు "వాణ్ని కూడా తీసుకురండి" అని ఒక్క మాట అనండి. అలా ఎవరూ అనకపోవడం వల్లే చాలామంది తల్లులు ఇంట్లో ఉండిపోతున్నారు. ఇక రిష్తాల సంగతి. తమ్ముడు ఇలా ఉన్నాడని అక్కకి సంబంధం తప్పిపోతుందని భయపడతాం. దాచి చేసిన నికాహ్‌లో తర్వాత వచ్చే గొడవ అంతకంటే పెద్దది. ముందే చూసి, వాడితో మాట్లాడి, సరే అన్నవాళ్లే మన చుట్టాలు.

కాదు పొమ్మంటే?

ఒకసారి వాణ్ని నేను ఒక వినోద కేంద్రానికి తీసుకెళ్లాను. టికెట్ ఇచ్చేచోట వాడి మొహం చూసి "ఇలాంటివాళ్లని ఎక్కించం" అన్నారు. నాకప్పుడు చట్టం తెలియదు, తల దించుకుని వచ్చేశాను. ఎత్తు, బరువు, గుండె జబ్బు లాంటి భద్రతా నియమాలు అందరికీ ఒకేలా ఉంటే ఒప్పుకోవాల్సిందే. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో కాదనడం మాత్రం వివక్ష.

అలాంటప్పుడు గొడవ పడకుండా, ఎవరు ఏమన్నారో తేదీ, సమయంతో సహా రాసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో కాగితం ఇచ్చి రశీదు తీసుకోండి. అక్కడ కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయొచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా. పదిమందిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది.

ఒక్క కుటుంబం అడిగితే ఆఫీసులో రేపు రమ్మంటారు. పది కుటుంబాలు కలిసి అడిగితే కుర్చీ వేసి కూర్చోబెడతారు. పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం కుటుంబాలు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, నెలకి ఒక ఉదయం పార్కులో కలుసుకున్నా చాలు. వేసవిలో జీవీఎంసీ క్రీడా శిబిరాలు పెట్టేటప్పుడు మన పిల్లలకి కూడా ఒక బ్యాచ్ పెట్టమని అడగడానికి ఆ పది సంతకాలే పనికొస్తాయి.

వలీమా అయిన రెండు వారాలకి, ఒక బుధవారం పొద్దున్నే ఖాలా, నేను వాణ్ని బస్సెక్కించి బీచ్ రోడ్డుకి తీసుకెళ్లాం. పార్కులో ఉయ్యాల ఎక్కడానికి పది నిమిషాలు భయపడ్డాడు. పక్కనే ఊగుతున్న ఒక చిన్న పాప "రా అన్నా" అంది. ఎక్కాడు. ఖాలా దూరంగా బెంచీ మీద కూర్చుని, దుపట్టాతో కళ్లు తుడుచుకుంటూ చూసింది. సహాయ సంచాలకుల ఆఫీసులో డే కేర్ కోసం ఇచ్చిన దరఖాస్తుకి ఇంకా జవాబు రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాం. ఈలోపు బుధవారాలు మాత్రం ఆపడం లేదు.